రెండో డ్రైవరు

చిక్కడపల్లి, హైదరాబాద్
12 జూన్ 2024

మురళీ,

నీ నంబరు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చదివినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం రాదు. నారాయణగూడలో నీ ట్రావెల్స్ ఆఫీసు ఉన్న మడిగెలో ఇప్పుడు గణేశ్ అనే అతను సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నాడు. నీ పేరు మీద వచ్చే టపా ఇంకా అతనే కాకినాడకు పంపుతున్నాడట. అతన్ని అడిగి ఈ అడ్రసు తీసుకున్నాను.

నువ్వు ఈ ఊరు వదిలి తొమ్మిదేళ్లవుతోంది. అశోక్‌నగర్‌లో మనం పెరిగిన ఇల్లు, ముందు వాటాలో మీరు, వెనక వాటాలో మేము ఉన్నామే, అది కూల్చేశారు. ఆ జాగాలో అయిదంతస్తుల హాస్టల్ లేచింది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ప్రతి కిటికీలోనూ కనిపిస్తారు. నేను కరెంటాఫీసులో నిరుడు రిటైరయ్యాను.

సంగతికి వస్తాను. నవంబర్‌లో న్యూజిలాండ్ వెళ్తున్నాం, నేనూ జయశ్రీ. ఎప్పుడో టీవీలో అక్కడి సరస్సు ఒకటి చూసి, "ఒకసారి పోవాలె గక్కడికి" అంది మా ఆవిడ. టూరు బస్సులో గుంపుతో తిరగడం నాకు ఇష్టం లేదు. కారు కిరాయికి తీసుకుని నేనే నడుపుతాను. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు కదా, ఇబ్బంది ఉండదు.

రెండు కంపెనీల మధ్య ఆగిపోయాను. ఒకటి పెద్దది. విమానాశ్రయం లోపలే కౌంటరు ఉంటుంది, కిరాయి ఎక్కువ. రెండోది చిన్నది, చవక. మనం దిగి కబురు పెడితే వ్యాను వచ్చి ఊరి చివర వాళ్ల షెడ్డుకు తీసుకెళ్తుంది. అక్కడ గోడకున్న పెట్టె మీద నంబరు నొక్కి తాళం చెవి తీసుకోవడమే, మనిషితో పని లేదు. నెట్‌లో ఒకడు మెచ్చుకున్న కంపెనీనే ఇంకొకడు తిడుతున్నాడు. నువ్వు ఇన్నేళ్లు ఇదే వ్యాపారం చేశావు, జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లి అక్కడ స్వయంగా నడిపావు కూడా. నన్ను ఏది తీసుకోమంటావు?

ఉత్తరమైనా సరే, ఫోనైనా సరే.

ఉదయ్

*

కాకినాడ
24 జూన్ 2024

ఒరేయ్ ఉదయ్,

కవరు మీద నీ చేతిరాత చూసి, విప్పకుండా కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ సంగతి వదిలెయ్. ఈ మధ్య ఫోన్లో మాట్లాడటం మానేశాను. ఉత్తరం రాయి. ఎంత పొడుగు రాసినా చదువుతాను.

కిరాయి ధర చూసి కంపెనీని ఎంచుకోకు. కారుకు దెబ్బ తగిలితే నీ జేబులోంచి ఎంతవరకు కట్టాలో అది చూడు. చవక కంపెనీలు పైన తగ్గించింది అక్కడ రాబట్టుకుంటాయి. పూర్తి ఇన్సూరెన్సు తీసుకో, దాని దగ్గర పిసినారితనం వద్దు. కంకర రోడ్డెక్కితే ఇన్సూరెన్సు వర్తించదని చాలామంది కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. రెండు దీవుల మధ్య ఓడలోకి కారు ఎక్కించనివ్వని వాళ్లు కూడా ఉన్నారు. డిపాజిట్ క్రెడిట్ కార్డు మీద ఆపుతారు, ఆ కార్డు కారు నడిపేవాడి పేరుతోనే ఉండాలి. కూతురి కార్డు పట్టుకుని వెళ్లి కౌంటరు దగ్గర చెమటలు కక్కిన పెద్దమనిషిని నా కళ్లతో చూశాను. మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. అయినా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకో. కొన్ని కంపెనీల వాళ్లు అది చూడందే తాళం ఇవ్వరు.

ఇక అసలు ప్రశ్న. రెండో డ్రైవరు ఎవరు? చిన్న కంపెనీ రెండో పేరు ఊరికే రాసుకుంటుంది, పెద్దది దానికి విడిగా డబ్బడుగుతుంది. పేరు రాయించకుండా ఇంకొకరు నడిపి గుద్దితే ఇన్సూరెన్సు మొత్తం పోయినట్టే. జయశ్రీ నడుపుతుందా? ఎలాగైనా మీరిద్దరు ఉంటారు కాబట్టి చిన్నదే తీసుకోండి. వ్యాను ఆలస్యమైనా, షెడ్డు ఎక్కడో ఉన్నా, పక్కన మనిషి ఉంటే అదంతా తర్వాత నవ్వుకోడానికి పనికొస్తుంది.

జయశ్రీ ఎలా ఉంది? తను చేసే సర్వపిండి గురించి సుందరికి చెబితే, నేనూ చేస్తానంటోంది. ఏవి ఎంతెంత వేయాలో అడిగి రాయి.

మురళి

*

చిక్కడపల్లి
15 జులై 2024

మురళీ,

నువ్వు చెప్పినవన్నీ రాసిపెట్టుకున్నాను. పర్మిట్ తెచ్చుకున్నాను. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాను కూడా, ఊరుకోలేక. పొద్దున చేస్తే సుందరి గారు ఎత్తి, "స్నానం చేస్తున్నారండీ" అన్నారు. సాయంత్రం చేసినా అదే చెప్పారు. కాకినాడలో అంత ఉక్కపోతగా ఉంటుందేమో అనుకున్నాను.

రెండో డ్రైవరు లేరు. జయశ్రీకి డ్రైవింగ్ రాదు.

నా కాలం ఎట్లా గడుస్తుందంటే, పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతాను. అక్కడంతా పరీక్షల పిల్లలే. చెట్ల కింద, మెట్ల మీద, బండ్ల మీద కూర్చుని చదువుతుంటారు. పేపరు చదివే ముసలివాళ్లం నలుగురైదుగురం ఒక మూలన ఉంటాం. ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. మధ్యాహ్నానికి అశోక్‌నగర్ వైపు నడుస్తాను. హాస్టల్ ఎదురుగా కర్రీ పాయింట్ ఉంది. అక్కడి అమ్మాయి, "అంకుల్, పప్పు ఒక్కరికేనా?" అని ప్రతిరోజూ అడిగేది. ఇప్పుడు అడగడం మానేసి తనే చిన్న పొట్లం కట్టేస్తోంది.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని రెండు కంపెనీల పేజీలూ పక్కపక్కన తెరుస్తాను. తేదీలు కొడతాను, కారు ఎంచుకుంటాను, ఇన్సూరెన్సు కలుపుతాను. చివరి బటన్ దాకా వెళ్లి మూసేస్తాను. మళ్లీ తెల్లారి తెరిస్తే ధర కొంచెం మారి ఉంటుంది. అది చూసుకోవడానికే ఒక గంట పడుతుంది. ఎర్ర కారు అయితే బాగుంటుందా, తెల్లదా?

సర్వపిండిలో బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, పచ్చిమిర్చి పడతాయి. ఎంతెంతో నాకు తెలియదు.

ఉదయ్

*

కాకినాడ
29 జులై 2024

ఉదయ్,

వారం నుంచి ముసురు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

పిండి ఎంత వేయాలో తెలియనివాడు వంటింట్లోకి కేకేసి అడుగుతాడు. నువ్వు అడగలేదు. ఇంట్లో ఆడమనిషి ఉండి నువ్వు రోజూ ఒక్కడికి సరిపడా పప్పు పొట్లం కట్టించుకుంటున్నావు. కారు రంగు నన్ను అడుగుతున్నావు. మూడు పేజీల ఉత్తరంలో జయశ్రీ ఉన్నది ఒక్క వాక్యంలో, అదీ ఆవిడకు ఏది రాదో చెప్పే వాక్యంలో.

నేను కంపెనీ గురించి ఇంకేమీ రాయను. ముందు ఇది చెప్పు. జయశ్రీ ఎక్కడుంది? టిక్కెట్లు ఎన్ని కొన్నావు?

మురళి

*

చిక్కడపల్లి
20 ఆగస్టు 2024

మురళీ,

ఒక్క టిక్కెట్టే కొన్నాను. వీసా కూడా నాకొక్కడికే పెట్టుకున్నాను. రెండో టిక్కెట్టు తర్వాతైనా కొనొచ్చని అనుకున్నాను.

పోయిన దసరా తర్వాత జయశ్రీ నల్లకుంటలో చిన్న పోర్షన్ కిరాయికి తీసుకుని వెళ్లిపోయింది. గొడవేమీ జరగలేదు. పిల్లలు లేని ఇల్లు కదా, గొడవపడటానికైనా మాకు పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒకరోజు పొద్దున చాయ్ ఇచ్చి, "నేను జర ఒక్కదాన్నే ఉంట" అంది. "మీ అక్కోళ్లింటికి పోతవా?" అన్నాను. "కాదు. ఒక్కదాన్నే" అంది. ఎవరైనా అడిగితే వాళ్లక్కకు ఒంట్లో బాగాలేదని చెప్పేవాణ్ని. తర్వాత జనం అడగడం మానేశారు. నేనే, అడగకపోయినా, మేం కలిసే ఉన్నట్టు చెప్తున్నాను.

నీ ఉత్తరం వచ్చాక మొన్న ఆదివారం నల్లకుంట వెళ్లాను. రెండు కంపెనీల కాగితాలు ప్రింటు తీయించుకుని మరీ వెళ్లాను. కింద స్వరూప అనే ఆవిడ స్టేషనరీ దుకాణం, పైన జయశ్రీ ఉండే గది. గోడకు నల్లబల్ల ఉంది. టెన్త్ పిల్లలకు లెక్కలు చెబుతోందట. వాళ్లు అప్పుడే వెళ్లినట్టున్నారు, బల్ల ఇంకా తుడవలేదు.

"కూసోండ్రి" అని మంచినీళ్లిచ్చింది. నేను కాగితాలు పరిచాను.

"గివేంది?"

"న్యూజిలాండ్. నువ్వు టీవీల చూసి పోవాలె అన్నవు గదా, గా సరస్సు. నవంబర్ల పోదాం. కార్ కిరాయికి తీసుకుంటున్న. గిది పెద్ద కంపెనీ, గిది చిన్నది. నీకేది మంచిగనిపిస్తున్నది?"

పిల్లల జవాబు పత్రాలు దిద్దినట్టు రెండూ పూర్తిగా చదివింది. చదివి, "గీ చిన్నదాంట్ల రెండో డ్రైవర్ ఫ్రీ అంటున్నరు" అంది.

"దాంతోని మనకేం పని? నడిపేది నేనే గదా. నువ్వు పక్కన కూసొని చూసుడే."

"నాకు డ్రైవింగ్ వచ్చు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎప్పుడు నేర్చుకున్నవు?"

"ఎండాకాలంల. స్వరూప కార్ తీస్కొని వరంగల్ దాక పోయొచ్చిన."

మురళీ, నేను తనతో ముప్ఫై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. తను కారు నడుపుతుండగా ఎట్లా ఉంటుందో ఊహించుకుందామంటే నాకు బొమ్మ రాలేదు. కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. తనే మాట్లాడింది, కోపంగా కాదు, పిల్లలకు లెక్క విడమరిచి చెప్పినట్టు.

"ఏ కంపెనీ మంచిదని అడుగుతున్రు. నేనొస్తనా అని అడగలే. ఎన్నడో అన్న ఒక్క మాటకు దేశం మీరే తేల్చిన్రు, నెల మీరే తేల్చిన్రు, కార్ మీరే తేల్చిన్రు. ఇగ నన్ను పక్కన కూసోమంటున్రు."

"అయితే ఇప్పుడు అడుగుతున్న. వస్తవా?"

లేచి నల్లబల్ల తుడిచింది. కింద దుకాణం షట్టరు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"రాను" అంది. "అడిగితిరి, మంచిగనిపించింది. కని రాను."

చాయ్ పెట్టింది. తాగాను. మెట్ల దాకా వచ్చి, "నేను రానని మీరు మానెయ్యకుండ్రి. పోయి రండ్రి" అంది.

నల్లకుంట నుంచి నడుచుకుంటూనే వచ్చాను. ఇంటికొచ్చాక ఒక సంగతి తోచింది. నిన్ను కూడా నేను కంపెనీ సంగతే అడిగాను, నీ సంగతి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు నాతో వస్తావా? రెండో డ్రైవరు పేరు నీదే రాస్తాను, నువ్వు సరేనంటేనే.

ఉదయ్

*

కాకినాడ
6 సెప్టెంబర్ 2024

ఉదయ్,

రాలేను. నువ్వు చివరిదాకా వెతుక్కోకుండా ఆ మాట ముందే రాసేస్తున్నాను.

రెండేళ్ల క్రితం గొంతులో గడ్డ ఉందన్నారు. విశాఖలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ దగ్గర చేసిన చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటున్నాను. జబ్బు తగ్గింది, మాట పోయింది. నెలనెలా పరీక్షలకు వెళ్లాలి. అంతదూరం విమానంలో వద్దని డాక్టరు ఖాయంగా చెప్పాడు. నీ ఉత్తరం చేతికందగానే ఆయన్ని అడగడానికే వెళ్లాను. అందుకే జవాబు ఆలస్యమైంది.

నారాయణగూడ చౌరస్తాలో రోడ్డుకు ఇటు నించుని నేను పిలిస్తే అటు బస్సెక్కబోతున్నవాడు ఆగేవాడు, గుర్తుందా? సుందరి నీకు స్నానం చేస్తున్నారని చెప్పినప్పుడు నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను. ఫోన్ స్పీకర్లో నీ హలో వినిపించింది. నీ గొంతు అలాగే ఉందిరా. నేనే అలా చెప్పించాను. సుందరిని ఏమీ అనుకోకు.

మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. అందులోంచి వచ్చే గొంతు నాది కాదు. బీరువాలో పెట్టేశాను. ఇంట్లో పలక మీద రాసి చూపిస్తాను. రెండు మాటలు రాసేసరికి మిగతాది సుందరి చెప్పేస్తుంది. ప్రేమతోనే. సగంసార్లు అది నేను చెప్పాలనుకున్నది కాదు. తుడిచేసి మళ్లీ రాసే ఓపిక ఉండదు, సరేనని తలూపుతాను. ఉత్తరంలో అయితే నా వాక్యాన్ని నేనే పూర్తి చేసుకోవచ్చు. అందుకే నీతో ఫోన్ వద్దన్నాను.

జయశ్రీ గురించి నేనేమీ చెప్పను. వెళ్లు అంది కాబట్టి వెళ్లు.

ఒక్కడివే వెళ్తున్నావు కాబట్టి నా సలహా మార్చుకుంటున్నాను. పెద్ద కంపెనీ తీసుకో. కారులో ఏమీ తేడా ఉండదు, తేడా అంతా కౌంటరు దగ్గర. పెట్టెలోంచి తాళం తీసుకుని మళ్లీ పెట్టెలోనే వేసి వచ్చేస్తే, ఆ దేశంలో దిగిన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కేదాకా నిన్ను పలకరించేవాళ్లు ఉండకపోవచ్చు. మొదటిరోజు ఒక మనిషి నీ మొహం చూసి తాళం చెవి చేతికివ్వాలి. దారిలో టైరు పోతే నువ్వు చెప్పేది వినే మనిషి ఉండాలి. నేను వ్యాపారం చేసే రోజుల్లో దీనికి డబ్బు దండగ అని చెప్పేవాణ్ని.

రంగు తెలుపు తీసుకో. దూరం నుంచి కనబడుతుంది.

మురళి

*

చిక్కడపల్లి
19 సెప్టెంబర్ 2024

మురళీ,

నీ ఉత్తరం చదివి బయటికొచ్చి, ఎటు పోవాలో తెలియక బషీర్‌బాగ్ దాకా నడిచి తిరిగొచ్చాను.

న్యూజిలాండ్ నుంచి వచ్చాక కాకినాడ రావాలని ఉంది. రావచ్చా? వస్తే రెండు రోజులు ఉంటాను. నువ్వు రాసేది చివరిదాకా చదువుతాను, మధ్యలో అందుకోను.

పెద్ద కంపెనీలోనే బుక్ చేశాను. తెల్ల కారు.

ఉదయ్

*

కాకినాడ
1 అక్టోబర్ 2024

ఉదయ్,

రా. రెండు రోజులు చాలవు.

చలికోటు మర్చిపోకు. అక్కడ నవంబర్‌లో ఎండ ఉంటుంది, గాలి మాత్రం కోస్తుంది. వీలైతే అక్కణ్నుంచి ఒక ఉత్తరం రాయి. ఎంత ఆలస్యంగా చేరినా ఫర్వాలేదు, ఎదురుచూడటం నాకు అలవాటే.

మురళి

*

హాస్ట్, న్యూజిలాండ్
19 నవంబర్ 2024

మురళీ,

ఇది సముద్రం ఒడ్డున చాలా చిన్న ఊరు. మోటెల్ గది కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. బయట సన్నగా వాన పడుతోంది.

కౌంటరు సంగతి ముందు చెప్పాలి. క్రైస్ట్‌చర్చ్‌లో దిగేసరికి ప్రయాణంతో చెవులు దిబ్బడేసి ఉన్నాయి. కౌంటరులో మన వయసు ఆవిడ. నా పర్మిటు, లైసెన్సు, కార్డు చూసి, "ఇంకెవరైనా నడుపుతారా?" అని అడిగింది. లేదన్నాను. ఆవిడ కంప్యూటర్ మీంచి చేతులు తీసేసి ఒకసారి నా వైపు చూసింది. మ్యాపు తెచ్చి, కంకర రోడ్లు ఎక్కడెక్కడ వస్తాయో పెన్నుతో సున్నాలు చుట్టింది. "అలసిపోయారని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి, అలసట లేకపోయినా మధ్యమధ్యలో ఆగండి" అంది. కారు దాకా వచ్చి వైపరు ఎక్కడుందో చూపించి వెళ్లింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ మాటలే చాలాసేపు చెవిలో ఉన్నాయి. నువ్వు చెప్పిన కంపెనీ మంచిది.

మొదటిరోజు నడుపుతూ పక్క సీటుతో మాట్లాడాను. "గది చూడు, గా గొర్రెలు చూడు" అని. కాసేపటికి నా గొంతు నాకే వినబడి ఆపేశాను. అప్పుడు తెలిసింది, జయశ్రీకి నేను అప్పటికీ పక్కన కూర్చుని చూడమనే చెబుతున్నాను.

సరస్సు దగ్గర రెండు రోజులున్నాను. దాని గురించి ఏం రాయను, టీవీలో చూపించింది తక్కువే. చాలా ఫోటోలు తీశాను. జయశ్రీకి పంపేద్దామని వేలు పెట్టి, ఆగి, "ఫోటోలు పంపాల్నా?" అని మెసేజ్ పెట్టాను. అప్పటికి మన దగ్గర ఇంకా తెల్లారలేదు. ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నాను. జవాబు మధ్యాహ్నం వచ్చింది.

"ఒకటి పంపండ్రి."

ఏది పంపాలో తేల్చుకోడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఒకదాంట్లో కారు ఉంది. ఒకదాంట్లో నా నీడ పడింది. చివరికి నీళ్లు, కొండ తప్ప ఇంకేమీ లేనిది పంపాను. "మంచిగున్నది" అని వచ్చింది. తను ఇంకేమీ అడగలేదు, నేను ఇంకోటి పంపలేదు.

ఇక ఈ రోజు. సరస్సుల వైపు నుంచి ఈ తీరానికి కనుమ దాటి వచ్చే రోడ్డు మీద ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు చాలా ఉన్నాయి. కొన్నింటి దగ్గర మనం ముందు పోవచ్చు. కొన్నింటి దగ్గర ఆగి, అవతలివాళ్లకు దారివ్వాలి. అలాంటి ఒక వంతెన దగ్గర ఆగాను. అవతలి గట్టున పాత ట్రక్కు ఒకటి వస్తోంది, ఇంకా చాలా దూరంలో ఉంది. నేను ఈలోగా దాటేయొచ్చు. హైదరాబాద్‌లో అయితే దాటేసేవాణ్ని. ఇంజను ఆపి కూర్చున్నాను. కింద ఏరు తెల్లగా నురగలు కక్కుతూ పారుతోంది. ట్రక్కు మెల్లగా వంతెనెక్కి, మెల్లగా వచ్చింది. నడిపేది ముసలాయన, పక్కన ఎవరూ లేరు. నన్ను దాటేటప్పుడు స్టీరింగు మీద చేతులు తీయకుండానే చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. అంతే, వెళ్లిపోయాడు.

ఇక్కడ పల్లెదారుల్లో అందరూ అలాగే పలకరిస్తారని సాయంత్రం మోటెల్ ఆవిడ చెప్పింది. అప్పటికి నాకు తెలియదు. అయినా ఆయన వెళ్లిపోయాక, ఖాళీ రోడ్డు మీదే, నేనూ వేలు ఎత్తాను.

తర్వాత వంతెన దగ్గర ఆలస్యం చేయలేదు. ఎదుటి కారు వంతెన దిగుతుండగానే ఎత్తాను. అందులో ఉన్న ఆడమనిషి నవ్వి తనూ ఎత్తింది. ఈ ఊరు చేరేదాకా ఎన్ని బండ్లు ఎదురొచ్చాయో అన్నింటికీ ఎత్తుతూనే వచ్చాను. అందరూ జవాబిచ్చారు మురళీ. ఎవరికీ గొంతు అక్కర్లేకపోయింది.

ఉదయ్